గేటు దాకా

జూన్ నెల. బళ్ళు తెరిచిన రోజు. మాది పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి. గురుకులం. ఆ రోజు మా గేటు ముందు ఎటు చూసినా ఆటోలు, ట్రంకు పెట్టెలు, బకెట్లు, పరుపు చుట్టలు. పెట్టెల మీద తెల్ల పెయింటుతో రాసిన పేర్లు. అమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. నాన్నలు పెట్టె తాళంచెవిని దారానికి కట్టి కొడుకుల మెడలో వేస్తున్నారు.

ఆ గుంపులోంచి ఒక పిల్లవాడు నా దగ్గరికి వచ్చాడు. ఆరో తరగతి అయిపోయి ఏడులోకి వచ్చినవాడు. వాళ్ళది నూజివీడు వైపు పల్లె. చేతిలో గుడ్డ సంచి. సంచిలో ఆరు మామిడిపళ్ళు. చిన్నరసాలు.

"సార్, మేడం ఏరీ?" అన్నాడు.

ఏ మేడమో నాకు తెలుసు. నిరుడు హాస్టల్లో వాళ్ళని చూసుకున్న హౌస్ టీచరు. వేసవి సెలవుల్లో ఆవిడకి బదిలీ అయింది. పిల్లలెవరూ లేనప్పుడు వచ్చి, సామాను సర్దుకుని, చార్జి అప్పగించి వెళ్ళిపోయారు.

"మేడంకి బదిలీ అయిందిరా" అన్నాను.

వాడు సంచి వైపు చూసుకున్నాడు. కాసేపు ఆగి, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

ఆ ఆరు పళ్ళనీ గుర్తుపెట్టుకోండి. వాటి దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇవాళ నేను మీతో చెప్పుకోవాలనుకున్నది ఈ సంగతే. హాస్టలు ఉన్న బడి నుంచి పెద్దవాళ్ళు వెళ్ళిపోతుంటారు. టీచర్లు, వార్డెన్లు, వంటవాళ్ళు, వాచ్‌మన్లు, నర్సులు, ఆయమ్మలు. పిల్లలు మాత్రం అక్కడే ఉంటారు. వెళ్ళేవాళ్ళని ఎలా సాగనంపాలి? ఉండిపోయేవాళ్ళకి ఏం చెప్పాలి? నేను గురుకులంలోనే చదువుకున్నాను. గురుకులంలోనే తెలుగు పాఠాలు చెప్పాను. చిన్నప్పుడు పెద్దవాళ్ళు వెళ్ళిపోతుంటే గేటు లోపల నిలబడి చూశాను. పెద్దయ్యాక నేనూ గేటు దాటాను. రెండు వైపుల నుంచీ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మామూలు బడి సాయంత్రం నాలుగింటికి అయిపోతుంది. మాస్టారు ఇంటికి వెళ్తారు. పిల్లవాడూ ఇంటికి వెళ్తాడు. మా బడిలో అసలు బడి నాలుగు తర్వాతే మొదలవుతుంది. ఆటలు, స్నానాలు, స్టడీ అవరు, భోజనం, రాత్రి అటెండెన్సు. అర్ధరాత్రి ఒకడికి జ్వరం. ఇంకొకడికి పీడకల. మరొకడు దుప్పటి తన్నేసి ముడుచుకుని పడుకున్నాడు. మళ్ళీ పొద్దున ఐదింటికి బెల్లు.

అలాంటి చోట లెక్కల మాస్టారికి పిల్లవాడి మార్కులు తెలుసు. వాడు నిద్రలో ఎవరిని పిలుస్తాడో కూడా తెలుసు. వంటాయనకి ఎవరికి ఎన్ని ఇడ్లీలు కావాలో తెలుసు. నర్సమ్మకి ఎవడికి నిజంగా కడుపునొప్పో, ఎవడికి లెక్కల పరీక్ష నొప్పో తెలుసు.

ఇంకో మాట. అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామంది ఆవరణలోనే క్వార్టర్సులో ఉంటారు. పిల్లల బెల్లే వాళ్ళ గడియారం. అందుకే అలాంటి బడి నుంచి వెళ్ళడమంటే ఒక ఉద్యోగం వదలడంతో పోదు. ఇల్లు మారుతుంది. ఇరుగుపొరుగు మారుతుంది. పెరట్లో పెంచిన కరివేపాకు చెట్టు అక్కడే ఉండిపోతుంది. అన్నీ ఒక్క రోజులో జరిగిపోతాయి.

పాత కాలపు గురుకులంలో వెళ్ళేది శిష్యుడు. చదువు పూర్తయ్యాక స్నానం చేసి, గురువు చెప్పే నాలుగు మంచి మాటలు విని ఇంటికి బయలుదేరేవాడు. దానికి సమావర్తనం అని పేరు. ఆ వీడ్కోలు మాటలు తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఇప్పటికీ ఉన్నాయి. మరి గురువు వెళ్ళిపోతే? దానికి నాకు తెలిసి పేరు లేదు. గురువు ఎక్కడికి వెళ్తాడు? ఆయన ఇల్లే బడి.

మన కాలపు గురుకులం వేరు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. అప్పుడు మన ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు గారు. మరుసటి ఏడాది అప్పటి అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో, గుంటూరు జిల్లా తాడికొండలో మొదలయ్యాయి. 1986లో జాతీయ విద్యా విధానం వచ్చాక దాదాపు దేశమంతటా నవోదయ విద్యాలయాలు వచ్చాయి. అప్పుడు కేంద్రంలో ఆ శాఖ చూసింది కూడా పి.వి.గారే. ఊళ్ళో బడి దాటి చదివే వీలు లేని పిల్లలు ట్రంకు పెట్టె పట్టుకుని ఈ బళ్ళకి వచ్చారు. ఎంతో ఎత్తుకి ఎదిగారు.

ఈ గురుకులంలో గురువు ఉద్యోగి. ఆయనకి బదిలీ ఉంది. రిటైర్మెంటు ఉంది. పేరు పాతదే, వెళ్ళే మనిషి మారాడు. ఇక్కడ గురువులు వెళ్తుంటారు, శిష్యులు చూస్తుంటారు. ఆ చూసేవాళ్ళకి పదేళ్ళు, పన్నెండేళ్ళు. వాళ్ళు అప్పటికే ఒకసారి ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. అమ్మని గేటు బయట వదిలి, లోపలికి నడిచినవాళ్ళు. ఇది మర్చిపోకండి. మా బళ్ళో ప్రతి పిల్లవాడూ ఒక వీడ్కోలుతోనే మొదలయ్యాడు.

మన భాషలో ఒక చక్కని మర్యాద ఉంది. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనం. "వెళ్ళొస్తాను" అంటాం. తెలంగాణలో "పోయొస్త" అంటారు. పొరపాటున "పోతాను" అన్నామా, ఇంట్లో పెద్దావిడ ఊరుకోదు. "అదేం మాట! వస్తాననాలి" అంటుంది. ఎంత దూరం వెళ్ళేవాడైనా రావడాన్ని నోటితో అని మరీ గడప దాటుతాడు.

కానీ శ్రోతలారా, ఒకటి ఆలోచించండి. పెద్దవాళ్ళకి అది మర్యాద. పదేళ్ళ పిల్లవాడికి అది మాట. మాట ఇచ్చినట్టే.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా వార్డెను గారికి వేరే ఊరు బదిలీ అయింది. మనిషి మహా కోపిష్టి. అయినా నాకు ఇష్టం. ఒకసారి నాకు గవదబిళ్ళలు వస్తే మూడు రాత్రులు నా మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారాయన. వెళ్ళే రోజు గేటు ముందు ఎర్ర బస్సు ఆగింది. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "వెళ్ళొస్తాన్రా" అన్నారు.

నేను నమ్మాను. ఆదివారం మధ్యాహ్నం అదే బస్సు వస్తుంది. నేను గేటు దగ్గర నిలబడేవాణ్ణి. దిగేవాళ్ళ కాళ్ళు చూసేవాణ్ణి. ఆయన చెప్పులు నాకు తెలుసు. ఒక ఆదివారం అయింది. రెండో ఆదివారం అయింది. మూడో ఆదివారం మా వాచ్‌మన్ తాత, "ఎవరి కోసం బాబూ?" అని అడిగాడు. చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత నిలబడటం మానేశాను.

చాలా ఏళ్ళకి ఒక పెళ్ళిలో ఆయన కనిపించారు. జుట్టంతా నెరిసిపోయింది. నేను నవ్వుతూ, "ఏం సార్, వస్తానని రాలేదే?" అన్నాను. ఆయన నవ్వలేదు. "రావాలనే ఉండేదిరా. వస్తే మళ్ళీ వెళ్ళాలి కదా" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. గేటుకి అటు ఉన్నవాళ్ళకీ అంతే కష్టం. వాళ్ళకీ ఎలా వెళ్ళాలో ఎవరూ నేర్పలేదు.

అందుకే నేను మూడు మాటలు చెబుతాను. ముందుగా చెప్పండి. నిజం చెప్పండి. గేటు దాకా వెళ్ళండి. ఈ మూడూ మళ్ళీ మళ్ళీ వస్తాయి. మొదటిది, ముందుగా చెప్పడం.

మా బళ్ళ నుంచి మనుషులు మూడు రకాలుగా వెళ్తారు.

ఒకటి, రిటైర్మెంటు. దీనికి తేదీ ముందే తెలుసు. నెలాఖరు రోజు. మా తరం వాళ్ళలో చాలామందికి అసలు పుట్టినరోజు ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. బళ్ళో చేర్చుకున్న అయ్యవారు తోచిన తేదీ ఒకటి వేసేవారు. జులై ఒకటో తేదీ అని వేశారనుకోండి, ఆ మనిషి జూన్ ముప్పైన రిటైరవుతాడు. ఒకటో తేదీన పుట్టినవాళ్ళని ముందు నెల చివరి రోజే పంపించడం సర్కారు నిబంధన. ఎప్పుడో ఒక అయ్యవారు కలం విదిల్చి రాసిన అంకె, ఒక మనిషి చివరి రోజుని నిర్ణయిస్తుంది. ఏమైనా, ఆ రోజు ముందే తెలుసు కాబట్టి శాలువా, పూలదండ, గ్రూపు ఫొటో అన్నీ ఉంటాయి.

రెండోది, బదిలీ. ఇవి ఎక్కువగా వేసవి సెలవుల్లో జరుగుతాయి. చదువు మధ్యలో టీచరు మారకూడదని. మంచి ఉద్దేశమే. కానీ ఆ సెలవుల్లో పిల్లలు ఉండరు. ఖాళీ డార్మిటరీలు, ఖాళీ మైదానం. ఆ ఖాళీలోంచే టీచరు వెళ్ళిపోతారు. జూన్‌లో పిల్లవాడు వచ్చి చూస్తే తలుపు మీద వేరే పేరు.

మూడోది అన్నిటికన్నా చడీచప్పుడు లేనిది. వంటవాళ్ళు, స్వీపర్లు, వాచ్‌మన్లు. సంక్షేమ హాస్టళ్ళలో కామాటి అని ఒక పోస్టు ఉంది. నీళ్ళు పట్టడం, కూరలు తరగడం, వడ్డించడం, అన్నీ ఆ మనిషి పనే. ఇలాంటివాళ్ళలో చాలామంది ఇప్పుడు కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగు మీద పనిచేస్తున్నారు. కాంట్రాక్టు మారితే మనిషీ మారతాడు. దండ లేదు, ఫొటో లేదు.

నేను పనిచేసిన ఒకచోట వంటాయన ఉండేవాడు. పిల్లలు బాబాయ్ అని పిలిచేవాళ్ళు. చాలా ఏళ్ళుగా అక్కడే వంట. ఒక నెలాఖరు సాయంత్రం ఆయనకి చెప్పారు, రేపటి నుంచి రానక్కర్లేదని. ఆయన గరిటె కడిగి, కొక్కేనికి తగిలించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

పిల్లలకి ఎలా తెలిసిందో తెలుసా? మర్నాడు పొద్దున ఉప్మా రుచి మారింది.

ఒక పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకుని, వంటింటి వైపు చూసి, "బాబాయ్ రాలేదా?" అన్నాడు. అలా తెలిసింది. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మనిషి వెళ్ళిపోయాడన్న కబురు వాళ్ళ నాలుకకి ముందు తెలిసింది. మేం పెద్దవాళ్ళం తలలు దించుకున్నాం.

ఇక్కడ మీకు ఒక పాత కథ గుర్తు చేస్తాను. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మైసూరు కాలేజీ వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తున్నారు. ఆయన ఎక్కిన బండికి విద్యార్థులు గుర్రాలు విప్పేశారు. బండిని పూలతో అలంకరించి, తామే లాగుతూ రైల్వే స్టేషను దాకా తీసుకెళ్ళారు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఈ కథ మనం చెప్పుకుంటూనే ఉంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఉప్మా తిన్న ఆ పొద్దున నాకు అనిపించింది, మా బాబాయ్ సైకిలుని కనీసం గేటు దాకా ఎవరైనా నడిపించి ఉంటే ఎంత బాగుండేదని.

మా పదో తరగతి పిల్లలు ఊరుకోలేదు. రెండు వారాల తర్వాత ఒక ఆదివారం, ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని బాబాయ్‌ని పిలిపించారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అలవాటు ప్రకారం తిన్నగా వంటింట్లోకి వెళ్ళబోయాడు. పిల్లలు చెయ్యి పట్టుకుని భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. విస్తరి వేశారు. వాళ్ళే వడ్డించారు.

ఆయనకి కూర్చోవడం చేతకాలేదు. రెండుసార్లు లేచాడు. "సాంబారు అడుగంటుతోంది చూడండి" అని ఒకసారి. "చిన్నపిల్లలకి ముందు పెట్టండి" అని ఒకసారి. చివరికి తిన్నాడు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఒకమ్మాయి ధైర్యం చేసి, "ఎలా ఉంది బాబాయ్?" అంది. ఆయన గొంతు సవరించుకుని, "ఉప్పు తగ్గింది" అన్నాడు.

హాలంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత సైకిలు తీసుకున్నాడు. పిల్లలందరూ గేటు దాకా నడిచారు.

చూశారా, ఆలస్యమైనా ఫరవాలేదు. చెప్పకపోవడం కన్నా ఆలస్యంగా చెప్పడం మేలు. అయితే ముందుగా చెప్పడం ఇంకా మేలు.

ఇప్పుడు శాలువాల సభ గురించి కాస్త. మీరంతా చూసే ఉంటారు. స్టేజీ మీద పదిమంది. కింద నేల మీద పిల్లలు బాసిపట్టు వేసుకుని. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. వారి సేవలు మరువలేనివి అంటారు. ఆ సేవల్లో ఒక్కటీ చెప్పరు. శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలంటారు. ఎండ మోకాళ్ళ మీదకి వస్తుంది. పిల్లలు గడ్డి పీకుతుంటారు.

నేను పాఠాలు చెప్పిన బళ్ళో వాచ్‌మన్ తాత రిటైరైన రోజు కూడా అలాగే జరుగుతోంది. పెద్దవాళ్ళందరం మాట్లాడాం. నేనూ మాట్లాడాను. ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు. చివర్లో ఎవరో, "పిల్లల్లో ఎవరైనా మాట్లాడతారా?" అన్నారు. ఐదో తరగతి పిల్లవాడు ఒకడు లేచాడు. మైకు అందలేదు. వంచి పెట్టారు. వాడు ఇలా అన్నాడు:

"రాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే గ్రౌండు దాటాలి. నాకు భయం. తాత నన్ను ఏమీ అడిగేవాడు కాదు. నేను వెళ్తుంటే నా ముందు టార్చి వేసేవాడు. నేను తిరిగి వచ్చేదాకా వేసేవాడు."

అంతే. వాడు కూర్చున్నాడు. తాత తల పైకెత్తలేదు.

అంతకన్నా మంచి వీడ్కోలు ప్రసంగం నేను వినలేదు. ఎందుకంటే అందులో పొగడ్త లేదు. జరిగింది ఉంది. మీరు ఎవరికైనా వీడ్కోలు చెప్పవలసి వస్తే, దయచేసి ఇది గుర్తుంచుకోండి. జరిగిన ఒక్క సంగతి చెప్పండి. ఒక్క టార్చిలైటు చాలు. పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి. మన మాటలు తర్వాత. అసలు మన మాటలు లేకపోయినా నష్టం లేదు.

ఇక రెండో మాట. నిజం చెప్పడం.

వెళ్ళేవాళ్ళు చార్జి అప్పగించాలి. అది రూలు. స్టాకు రిజిస్టరు తెస్తారు. కంచాలు ఎన్ని, గ్లాసులు ఎన్ని, మంచాలు ఎన్ని, విరిగిన బెంచీలు ఎన్ని. లెక్క సరిపోతే కొత్తవాళ్ళు సంతకం పెడతారు. లెక్క సరిపోకపోతే ఆ నెల జీతం ఆగుతుందేమోనని వెళ్ళేవాళ్ళకి గుబులు. ఆ గుబులులోనే చివరి రెండు రోజులూ గడిచిపోతాయి.

నేను చూసిన ఒక హౌస్ టీచరు, ఆడపిల్లల హాస్టలు చూసిన మేడం, రిజిస్టరు పని ముందు రోజే పూర్తి చేసుకున్నారు. చివరి రాత్రి, కొత్తగా వచ్చిన మేడంని వెంటబెట్టుకుని, లైట్లు తీశాక, మంచాల మధ్య నడిచారు. ఒక్కో మంచం దగ్గర ఆగి మెల్లగా చెప్పారు. ఈ పిల్ల పక్క తడుపుతుంది, పొద్దున్నే ఎవరూ చూడకుండా దుప్పటి మార్చండి. ఈ పిల్లకి నాన్న లేడు, నాన్నకి ఉత్తరం రాయమనే పాఠం వచ్చిన రోజు కాస్త చూసుకోండి. ఈ పిల్లకి ఫోను రాదు, ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చే ఆదివారం నాడు ఏదో ఒక పని చెప్పి మీ దగ్గర పెట్టుకోండి. ఈ పిల్ల అన్నిటికీ నవ్వుతుంది, ఆ నవ్వుని నమ్మకండి.

ఏ రిజిస్టరులోనూ లేని చార్జి అది. దానికి సంతకం లేదు. కానీ అసలు అప్పగింతలు అవే. పెళ్ళిలో ఆడపిల్లని అత్తవారి చేతిలో పెట్టేటప్పుడు చేసే అప్పగింతల లాంటివే. తేడా ఒక్కటే. పెళ్ళిలో వెళ్ళేది పిల్ల. ఇక్కడ వెళ్ళేది అమ్మ.

మర్నాడు పొద్దున ఆ మేడం పిల్లల్ని కూర్చోబెట్టి ఇలా చెప్పారు. "నేను వెళ్తున్నాను. మళ్ళీ ఇక్కడ పనిచేయడానికి రాను. మీ మీద కోపంతో వెళ్ళడం లేదు. మీరేమీ తప్పు చేయలేదు. నాకు ఆర్డరు వచ్చింది. నాకూ బాధగా ఉంది."

నాలుగైదు చిన్న వాక్యాలు. వాటిలో ముఖ్యమైనది ఏదో తెలుసా? "మీరేమీ తప్పు చేయలేదు." పెద్దవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. బదిలీకి పిల్లల తప్పుతో ఏం సంబంధం? కానీ పిల్లలు అలాగే అనుకుంటారు. మేం అల్లరి చేశాం, అందుకే వెళ్ళిపోయారు అనుకుంటారు. పైకి చెప్పరు. లోపల పెట్టుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. గవదబిళ్ళలు వచ్చి మూడు రాత్రులు నిద్ర లేకుండా చేశాను కాబట్టే మా వార్డెను గారు వెళ్ళిపోయారేమోనని చాలాకాలం అనుకున్నాను.

అందుకని నిజం చెప్పండి. వస్తే వస్తానని చెప్పండి. రాకపోతే రానని చెప్పండి. "వెళ్ళొస్తాను" అన్న మాట మన నోటికి అలవాటు. అనవద్దని నేను అనను. అన్నాక, పక్కనే కూర్చుని ఇంకో వాక్యం చెప్పండి. "ఇది మర్యాదకి అనే మాట నాన్నా. నేను రోజూ రాను. ఫోను చేస్తాను." అంత చెబితే చాలు. ఆ పిల్లవాడు ఆదివారం బస్సు కోసం నిలబడడు.

వెళ్ళినవాళ్ళ సంగతి కూడా ఒక్క క్షణం. రిటైరైన మా పీఈటీ మాస్టారు ఒకసారి నాతో చెప్పారు. సొంత ఇల్లు కట్టుకున్నారు. మంచి గాలి, వెలుతురు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఆయనకి కాలు నిలవదట. లేచి వరండాలో అటూ ఇటూ తిరుగుతారట. "ఏం వెతుకుతున్నారు?" అని ఇంట్లో వాళ్ళు అడిగితే చెప్పలేకపోయారట. నాకు చెప్పారు. "ఆ వేళకి తలలు లెక్కపెట్టాలి కదయ్యా. ఇక్కడ లెక్కపెట్టడానికి ఎవరూ లేరు."

అలాంటి మనిషికి మనం శాలువా కప్పి పంపిస్తాం. తప్పు లేదు. శాలువాతో పాటు అప్పుడప్పుడూ ఒక ఫోను కూడా ఇవ్వండి. "సార్, ఇవాళ అందరం ఉన్నాం. లెక్క సరిపోయింది" అని చెప్పండి. ఆ రాత్రి ఆయనకి నిద్ర పడుతుంది.

ఇక మూడో మాట. గేటు దాకా వెళ్ళడం.

మన పెద్దలు ఊరికి వెళ్ళేవాళ్ళని పొలిమేర దాకా సాగనంపేవారు. ఆత్మీయుల్ని నీటి ఒడ్డు దాకా సాగనంపాలన్న ఆచారం కాళిదాసు శాకుంతలంలో కనిపిస్తుంది. శకుంతల కణ్వాశ్రమం వదిలి వెళ్తుంటే ఆశ్రమం మొత్తం ఆమె వెంట నడుస్తుంది. చెరువు గట్టున ఆగుతుంది. అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. ఎక్కడో ఒకచోట ఆగాలని, ఆ చోటు అందరికీ ముందే తెలిసి ఉండాలని వాళ్ళు ఏర్పాటు చేసుకున్నారు.

మా బడి పొలిమేర గేటే. పిల్లలు అనుమతి లేకుండా ఆ గేటు దాటకూడదు. కాబట్టి అక్కడిదాకా నడవాలి. అక్కడ ఆగాలి. వెళ్ళేవాళ్ళు వెళ్ళాలి. బండి కనుమరుగయ్యేదాకా చూడాలి. తర్వాత వెనక్కి తిరిగి, టిఫిను బెల్లు కొడితే టిఫినుకి వెళ్ళాలి. ఏడుపు వస్తే ఏడవాలి. ఆకలేస్తే తినాలి. పిల్లలకి ఈ రెండూ ఒకేసారి చేయడం వచ్చు.

చూడనివ్వకపోతేనే ప్రమాదం. ఏడుస్తారని దాచిపెట్టి, పిల్లలు క్లాసులో ఉన్నప్పుడు వెనక దారిన వెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు మంచి మనసుతోనే చేస్తారు. కానీ దాని వల్ల పిల్లలు నేర్చుకునేది ఒకటే. మనకి ఇష్టమైనవాళ్ళు చెప్పకుండా మాయమవుతారని. ఆ పాఠం ఒకసారి నేర్చుకుంటే మర్చిపోవడం కష్టం.

ఇప్పుడు ఆ ఆరు మామిడిపళ్ళ దగ్గరికి వద్దాం.

ఆ రోజు నేను హడావిడిలో ఉన్నాను. "పళ్ళు నువ్వు తినెయ్‌రా" అని, అడ్మిషన్ల పనిలోకి వెళ్ళిపోయాను. నాలుగైదు రోజులకి డార్మిటరీలో వాసన మొదలైంది. గోడ వెంట చీమల బారు. ఆ బారు వెంట నడిస్తే అది ఒక ట్రంకు పెట్టె కిందకి పోయింది. తెరిపించాను. బట్టల అడుగున, పాత దినపత్రికలో చుట్టి, ఆరు పళ్ళు. ఆరూ నీరుగారిపోయాయి.

"ఎందుకు దాచావురా?" అన్నాను.

"మేడం వస్తారేమోనని" అన్నాడు.

ఆ సాయంత్రం వాణ్ణి ఆఫీసుకి తీసుకెళ్ళి మేడంకి ఫోను కలిపాను. అవతల ఆవిడకి కాసేపు మాట రాలేదు. వీడికీ రాలేదు. చివరికి వీడే అడిగాడు, "మీ కొత్త బళ్ళో ఆరో తరగతిలో ఎంతమంది ఉన్నారు మేడం?" అని. ఎనభై మంది అన్నారావిడ. "అమ్మో! మనం నలభై మందిమే కదా" అన్నాడు వాడు. గొంతులో కాస్త గెలుపు వినిపించింది. ఫోను పెట్టేశాక నేరుగా ఆటలకి పరిగెత్తాడు.

ఆ ఏడు మేం కొందరం టీచర్లం ఒక మాట అనుకున్నాం. ఏప్రిల్‌లో చివరి రోజున, పిల్లలు ఇళ్ళకి బయలుదేరే ముందు, బదిలీ అవకాశం ఉన్న ప్రతి ఒక్కరూ లేచి నిలబడి చెప్పాలి. ఆర్డరు రాకపోయినా సరే, వచ్చే వీలుందని చెప్పాలి. వంటింట్లో వాళ్ళు, వాచ్‌మన్లు కూడా. అందరం కలిసి గేటు దాకా నడవాలి.

మరుసటి ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. ఎండ పెళపెళలాడుతోంది. పెట్టెలన్నీ గేటు దగ్గరికి చేరాయి. నేను నిలబడి చెప్పాను. "పిల్లలూ, జూన్‌లో మీరు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండకపోవచ్చు. నాకు బదిలీ కావచ్చు. మీరేమీ తప్పు చేయలేదు. నాకు మీరంటే ఇష్టం." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మన నూజివీడు పిల్లవాడు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎనిమిదిలోకి వెళ్ళబోతున్నాడు. బెత్తెడు పొడుగు ఎదిగాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. వాడు జేబులోంచి పెన్ను తీసి, అరచెయ్యి చాచి, రాసుకోవడానికి సిద్ధంగా నిలబడి అడిగాడు.

"అయితే సార్, ఈసారి పళ్ళు ఏ ఊరికి పంపాలి?"

శ్రోతలారా, ముందుగా చెప్పండి. నిజం చెప్పండి. గేటు దాకా వెళ్ళండి.